ఖాళీ ఫిల్టర్

తూకం గదిలో ఫ్యాను ఉండదు, కిటికీ తెరవరు.
సెవ్‌జిద్ మేడమ్ మాట ఒక్కటే:
అంకె కుదురుకునేదాకా ఊపిరి బిగపట్టండి.
కోటు గుండీ అంత తెల్ల కాగితం
ఏమీ అంటక ముందు ఎంత బరువుందో రాసుకున్నాను,
పురిటి గదిలో బిడ్డ బరువు రాసినట్టు.

పది కాగితాలు.
తొమ్మిది పంపుల్లోకి వెళ్తాయి.
పదోది డబ్బీలోనే ఉంటుంది, మూత తియ్యకూడదు,
అయినా గడప గడపకీ వెంట తిప్పాలి.
దాన్ని ఖాళీ అంటారు.
ఎందుకు మేడమ్ అన్నాను.
దారిలో మనం అంటించుకున్నదెంతో
మనకి తెలియాలి కదా, అంది.

బస్సు ఆఖరి స్టాపులో దిగితే మా కొండ.
వెనక్కి తిరిగితే ఉలాన్‌బాతర్ ఉండాలి, లేదు,
బూడిద రంగు దుప్పటి కింద నాలుగు దీపాలు.
సున్నాకి ముప్పై కింద.
మఫ్లర్ మీద నా ఊపిరే గడ్డకట్టి గీసుకుంటోంది.
"కుక్కని పట్టుకోండి!" అని అరిచాను.
మాకు తలుపు తట్టడమంటే ఇదే.

ద్యూల్‌మా అవ్వది ఉన్ని గోడల గుండ్రటి ఇల్లు,
నడి మధ్యన పొయ్యి, దాని చుట్టూ బతుకు.
ముందు ఉప్పు టీ తాగించింది, తర్వాతే ప్రశ్నలు.
పోయిన చలికాలం ఎన్ని రోజులు దగ్గారు?
"దగ్గని రోజులు అడుగు తల్లీ, వేళ్ల మీద చెప్తాను."
ఆ జవాబు పట్టే గడి నా కాగితంలో లేదు.
పంపు గుర్రుమని మొదలైంది.
మనవరాలు నింజిన్, నాలుగేళ్లది,
దానికి చెవి ఆనించి విని
"దీనికీ జలుబు చేసింది" అంది.

మర్నాడు పొద్దున్నే వెళ్లేసరికి
అవ్వ వాకిట్లో పాల గరిటెతో నిలబడి ఉంది.
తొలి పాలు ఆకాశానికి చిలకరించాలి.
తలెత్తి చాలాసేపు చూసింది.
"ఎటు వెయ్యను? కనబడదే!"
చివరికి పొగలోకే విసిరింది,
చూపు ఆనని వాళ్లు
గొంతుని బట్టి మనిషిని పలకరించినట్టు.

పంపు విప్పాను.
తెల్ల కాగితం కాటుక పట్టిన రేకులా ఉంది.
కంటికి పెట్టుకునే నలుపు కాదు,
కంటికి దొరక్కుండా లోపలికి పోయే నలుపు.

క్లాసులో ఖుస్లెన్ అడిగాడు,
అంత ప్రమాదమని తెలిసీ ఎందుకు కాలుస్తారు?
మంచివాడే. వాళ్ల అపార్ట్‌మెంట్‌లో
గోడ గొట్టాల్లోంచి వేడి నడిచొస్తుంది.
నిప్పు లేనిదే పొగ రాదంటారు.
మా కొండ మీద ఆ సామెత తిరగబడింది:
పొగ లేనిదే నిప్పు లేదు,
నిప్పు లేనిదే తెల్లవారదు.
ఇదంతా అనలేదు. "చలి" అన్నాను.

మళ్లీ తూకం గది, మళ్లీ బిగపట్టిన ఊపిరి.
తొమ్మిదీ బరువెక్కాయి.
పదోదీ ఎక్కింది,
పిసరంత, నమ్మలేనంత.
మూత తియ్యలేదు మేడమ్, నిజంగా తియ్యలేదు.
ఆమె నవ్వింది, కోప్పడలేదు.
"అందుకే అది. ఆ పిసరు అన్నిట్లోంచీ తీసెయ్యి,
మిగిలిందే లెక్క."

తీసేశాను. వరసలు సరిపోయాయి.
కానీ నేను ఆ కొండ మీదే పుట్టాను,
పందొమ్మిది చలికాలాలు
మూత లేని డబ్బీలా తిరిగాను.
నన్ను దేంట్లోంచి తీసెయ్యాలో
పట్టికలో ఎక్కడా లేదు.

రాత్రి ఇంటికొచ్చి మా కుక్కనే కసిరాను.
అమ్మ ఫ్యాక్టరీ నుంచి ఇంకా రాలేదు.
తమ్ముడు కోటుతోనే నిద్రపోయాడు,
ముక్కు ఎర్రగా, కాళ్లు ముడుచుకుని.
పొయ్యి మూత తీశాను.
అన్నీ తెలిసిన చేత్తోనే
రెండు పారల బొగ్గు వేశాను.
కాసేపు ఆగి
ఇంకొకటి.